విప్పి చూసి నేర్చుకున్న జి.డి.నాయుడు

నల్లగొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా డిగ్రీనో డిప్లొమానో చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని హైదరాబాద్ బస్సెక్కడం. తర్వాత హాస్టల్, కోచింగ్, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ఈ మధ్యలో ఖాళీగా పోయే నెలలు మీకు కొత్త కాదు. ఆ నెలల్లో ఉన్నవాళ్లు ఒకసారి జి.డి.నాయుడు గురించి తెలుసుకోవాలి.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో, తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి అంటే ఆయనకు పడలేదు. చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. ఓసారి ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద రావడం చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! అలాంటిది తనకూ కావాలనుకున్నారు. కోయంబత్తూరు చేరి, హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి కొన్నారు. కొన్నాక నడుపుకుంటూ ఊరుకోలేదు. మొత్తం విప్పేశారు. ఏ భాగం ఏం చేస్తుందో చూసుకుని మళ్లీ బిగించారు. మెకానిక్ అయింది అలాగే.

ఇప్పటి బండి విప్పితే సగం ఎలక్ట్రానిక్సే కనిపిస్తుంది. అదే మీ ఇంట్లోనో చిన్నాన్న ఇంట్లోనో పాత చేతక్ స్కూటర్ ఉన్నా, తెలిసినవాళ్ల షెడ్డులో అంబాసిడరో ప్రీమియర్ పద్మినో ఉన్నా అదృష్టమే. అడిగి చూడండి. స్పీడోమీటర్ కేబుల్‌తో మొదలుపెట్టండి. ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు, పొరపాటు జరిగినా పెద్ద నష్టం లేదు.

ఆ మీటరుకు కరెంటుతో పనిలేదు. కారులో గేరుబాక్సు నుంచి, స్కూటర్‌లో ముందు చక్రం నుంచి ఒక ఉక్కు తీగ గొట్టం లోపల తిరుగుతూ వస్తుంది. దాని రెండో కొస మీటరులో అయస్కాంతాన్ని తిప్పుతుంది. పక్కనే చిన్న అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఒకదానికొకటి తగలవు. అయినా అయస్కాంతం తిరిగితే గిన్నె కూడా దాని వెంట పోవాలని చూస్తుంది. సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ల మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. ఇంటర్ ఫిజిక్స్‌లో ఎడ్డీ కరెంట్స్ అని బట్టీ పట్టింది ఇదే!

ముల్లు వణుకుతోందా? టిక్కు టిక్కుమని చప్పుడా? గ్రీజు ఎండి ఉండొచ్చు, లేదా కేబుల్ ఎక్కడో గట్టిగా వంగి ఉండొచ్చు. ముల్లూ, కిలోమీటర్ల అంకెలూ రెండూ ఆగిపోతే తీగ తెగిందేమో, కొస అరిగిందేమో, దాన్ని తిప్పే గేరు పోయిందేమో చూడాలి. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే కదలకపోతే మాత్రం కేబుల్ మార్చి లాభం లేదు, తేడా మీటరులోనే.

బండి ఆపి, మీటరు వెనక బిగింపు వదులు చేసి, లోపలి తీగను బయటికి లాగండి. కొన్ని బండ్లలో అది కిందివైపు నుంచే వస్తుంది. కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో కడిగి, తుడిచి, చదునైన బల్ల మీద దొర్లించండి. ఎగిరెగిరి పడితే వంకర పోయినట్టే, మార్చేయాలి. బాగుంటే పలచగా గ్రీజు పట్టించండి. మీటరు వైపు చివరి రెండు మూడు అంగుళాలు మాత్రం వదిలేయాలి. లేదంటే తీగ తిరుగుతూ గ్రీజును మీటరులోకి ఎక్కించి పాడుచేస్తుంది. కొత్తది కొనడానికి పోతే పాతది వెంట పట్టుకెళ్లండి. పొడవూ కొసలూ రెండూ కలవాలి. బిగించేటప్పుడు పదును మలుపు రానీయొద్దు, సైలెన్సర్‌కు దగ్గరగా పోనీయొద్దు.

మళ్లీ నాయుడు గారి దగ్గరికొద్దాం. 1920లో ఆయన ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. డ్రైవరూ తానే. షెడ్డులో నిలిచిన బస్సు పైసా తేదు కాబట్టి, బాగుచేయడం తెలిసిన యజమానికి అదే పెట్టుబడి. కొన్నేళ్లకే ఆయన యు.ఎం.ఎస్. బస్సులు ఆ ప్రాంతంలో పేరు మోశాయి. 1937లో డి.బాలసుందరంతో కలిసి దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును బయటికి తెచ్చారు. ఎలక్ట్రిక్ రేజరు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం... జాబితా పెద్దదే.

అన్నీ నిలబడలేదు. 1952లో రెండు వేల రూపాయల ధరతో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, అది ఆగిపోయింది. చేతిలో పనితనం ఉన్నంత మాత్రాన అన్ని తలుపులూ తెరుచుకోవు. అందుకే ఆయన్ని చూపించి చదువు మానేస్తానంటే నేను ఒప్పుకోను. ఈరోజు ఆర్టీసీ డిపోలో మెకానిక్ పోస్టుకైనా ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారు. సర్టిఫికెట్ ఉండి స్పానర్ పట్టడం రానివాడి పరిస్థితి ఏమిటో షెడ్డులో మొదటి రోజే తెలిసిపోతుంది.

బడికి పోని ఈయన 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఆ వెంటే ఇంజినీరింగ్ కాలేజీ రావడానికి కారకుడయ్యారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. తొలి ప్రిన్సిపల్ నాయుడే. నాలుగేళ్ల కోర్సు కాలహరణం, రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేసి వచ్చేశారు.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో మొదలైన జీడీ కార్ మ్యూజియంలో పాతకాలపు కార్లు వరసగా ఉంటాయి. అటు వెళ్తే చూసి రండి. ఆయన వదిలి వచ్చిన కాలేజీ ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. బీఈ అక్కడ ఇప్పటికీ నాలుగేళ్లే.