పావులూరి మల్లన

ఈ ప్రత్యేక సంచికలో రాజుల గురించి, నాయకుల గురించి రాసేవారు చాలామందే ఉంటారు. జీవితమంతా అంకెలతో గడిపిన మనం ఒక గణిత కవిని తలుచుకోవడం న్యాయమనిపించి నాలుగు మాటలు రాస్తున్నాను.

పావులూరి మల్లన 11వ శతాబ్దంవాడని, రాజరాజ నరేంద్రుని కాలంవాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే నన్నయభట్టుకు సమకాలికుడు. ఇంకొల్లు దగ్గరి పావులూరు ఆయన స్వగ్రామమంటారు. మన నరసరావుపేటకు అదేమంత దూరం కాదు. పిఠాపురం ప్రాంతంలోని నవఖండవాడను రాజు ఆ వంశానికి అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు.

9వ శతాబ్దంలో అమోఘవర్షుని కాలాన మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. మల్లన దానిని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మక్కికి మక్కి దించలేదు. కొన్ని వదిలి, కొన్ని చేర్చి, జైన స్తుతుల స్థానంలో శివుణ్ణి నిలిపాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా దీనినే చెబుతారు.

మహావీరుని గ్రంథంలో ఒంటెల లెక్క ఒకటి ఉంది. మందలో నాలుగో వంతు అడవిలో ఉన్నాయి. మంద సంఖ్య వర్గమూలానికి రెట్టింపు కొండ చరియకు పోయాయి. మిగిలిన 15 ఏటి ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని?

వర్గమూలాన్ని 'య' అనుకుంటే మంద య². లెక్క సర్దితే 3య² − 8య = 60 అవుతుంది. దీనికి శ్రీధరాచార్యుని ఉపాయం చక్కగా పనికొస్తుంది. ఆయన బీజగణితం నష్టమైపోయినా, ఆ సూత్రాన్ని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు కాపాడాడు. రెండు వైపులా 3కు నాలుగింతలైన 12తో గుణించాలి: 36య² − 96య = 720. ఇరువైపులా 8 వర్గం 64 కలపాలి. ఎడమ పక్క (6య − 8)², కుడి పక్క 784, అంటే 28 వర్గం. కాబట్టి 6య = 36, య = 6, మంద 36. సరిచూడండి: 9, 12, 15 కలిస్తే 36.

నేడు పిల్లలు వర్గాన్ని పూర్తి చేయడమని నేర్చుకునేది ఇదే. 3య² − 8య − 60 అనే ప్రామాణిక రూపాన్ని 3(య − 4/3)² − 196/3 అని రాస్తే శీర్ష రూపం. గ్రాఫు గీస్తే పరావలయం అడుగు బిందువు ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. య విలువ 4/3 అయినచోట అది −196/3 దగ్గర ఉంటుంది. కుండలీకరణం విప్పి సర్దితే మళ్లీ మొదటి రూపమే. రూపం మారినా విలువ మారదు.

మల్లన చేసిందీ అలాంటి పనే. సంస్కృతంలోని లెక్కను తెలుగు రూపంలోకి మార్చాడు, విలువ తగ్గనివ్వలేదు. లెక్కలంటే బెదిరే పిల్లల్లో చాలామందికి బెదురు లెక్కతో కాదు, అర్థంకాని భాషతో అని నా నమ్మకం. మనవలు పుస్తకం తెచ్చి అడిగినప్పుడు ఒంటెల కథ తెలుగులో చెప్పి చూడండి. వెయ్యేళ్లనాటి ఆ కవికి మనం తీర్చగల బాకీ అదే.