లూథరుగారి ఇంటిని నిలిపిన ఇల్లాలు

ధ్యాన భాగము: సామెతలు 31:10–31, యోహాను 6:1–13



సామెతల గ్రంథము 31వ అధ్యాయములోని గుణవతియైన భార్యను గూర్చి స్త్రీల సమాజములలో మేము మాటలాడినప్పుడెల్ల తల్లులు కొందరు లోలోపల నవ్వుకొనుట చూచుచుందుము. చీకటితోనే లేచి, పొలము చూచి, నూలు వడికి, ఇంటివారికందరికి బట్టలమర్చి, పైగా బీదలకు చెయ్యి చాపుట, చంకలో బిడ్డనుంచుకొని ఒక్క స్త్రీ ఎట్లు చేయగలదని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. కనుక ఈ నెల అట్టి ఒక స్త్రీ జీవితమును మీ ముందుంచుచున్నాము.

మార్టిన్ లూథరుగారి పేరు ఎరుగని క్రైస్తవ గృహము మన పల్లెలలో అరుదు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతములలో ఆయన పేరుతోనే పిలువబడు సంఘములున్నవి. అయితే ఆయనకు అన్నము పెట్టినదెవరు, ఆయన చేసిన అప్పులు తీర్చినదెవరు అని అడిగిన, చెప్పగలవారు కొద్దిమందియే. ఆమె పేరు కేథరీనా ఫాన్ బోరా.

కేథరీనా 1499 జనవరి 29న జర్మనీ దేశములోని సాక్సనీ సీమలో పుట్టెను. పేరు గొప్పది, ఆస్తి తరిగినది, అట్టి కుటుంబము. చిన్నతనముననే తండ్రి ఆమెను మఠపు బడికి పంపెను. తరువాత నింబ్‌షెన్ అను చోటనున్న కన్యకల మఠములో చేరి, 1515లో 16 ఏండ్ల ప్రాయమున సన్యాస వ్రతము పుచ్చుకొనెను. ఆ మఠమునకు పొలములుండెను. చదువును, వ్రాతయును, ఒక పెద్ద సంస్థ దినదినము ఎట్లు నడుచునో ఆ తెలివియును ఆమెకు అక్కడనే అబ్బినవని తలంచుచున్నాము.

లూథరుగారి బోధలు మఠపు గోడలు దాటి లోపలికి వచ్చెను. 1523లో ఈస్టరు పండుగ రాత్రులలో పండ్రెండుగురు సన్యాసినులు మఠము విడిచి పారిపోయిరి. టోర్గౌ పట్టణపు వర్తకుడు లియోన్‌హార్డ్ కోప్పె తన బండిలో వారిని దాటించెను. ఆయన మఠమునకు చేపల పీపాలు తెచ్చువాడు గనుక, వారు ఆ పీపాలలో దాగి వచ్చిరను కథ పుట్టినది. కథ మాట ఎట్లున్నను, పట్టుబడిన యెడల కోప్పెకు మరణశిక్ష పడుటకు వీలున్న కాలమది. ఆ స్త్రీలలో తొమ్మిదిమంది విట్టెన్‌బర్గునకు చేరిరి. కట్టుబట్టలతో వచ్చిన ఆడపిల్లల భారము లూథరుగారి మీద పడెను. ఒక్కొక్కరికి పెండ్లియో, పనియో, బంధువుల ఇల్లో కుదిర్చిరి. చివరకు మిగిలినది కేథరీనా. ఒక పెద్దింటి యువకునితో మాట నడిచినది గాని అతని ఇంటివారు ఒప్పుకొనలేదు. మరియొక వృద్ధ బోధకుని చూపగా ఈమె ఒప్పుకొనలేదు. చేసికొన్న యెడల లూథరుగారినైనను ఆయన స్నేహితుడైన ఆమ్స్‌డోర్ఫుగారినైనను చేసికొందునని తెలియజేసెను! మన పెద్దలు విన్నయెడల ఏమందురో గాని, ఆ ధైర్యము తరువాత చాల పనికి వచ్చినది.

1525 జూన్ 13న వారి వివాహము జరిగెను. ఆయనకు 41, ఆమెకు 26 ఏండ్లు. కాపురము పెట్టిన ఇల్లు ఒకప్పటి సన్యాసుల మఠము. ప్రభువు దానిని వారి నివాసమునకిచ్చెను. పెద్ద ఇల్లే గాని, గృహమని పిలుచుటకు అందులో ఏమియు లేదు. పెండ్లికి ముందు ఒక సంవత్సరమంతయు తన పడకలోని గడ్డి మార్చినవారు లేరనియు, రాత్రి అలసి వచ్చి ఏమియు తెలియక దానిమీద పడి నిద్రించెడివాడననియు లూథరుగారే తరువాత చెప్పుకొనిరి. కేథరీనా మొదట పట్టుకొన్నది చీపురేనని ఊహించుట కష్టము కాదు.

ఇక డబ్బు సంగతి. ఇది వ్రాయక తప్పదు. లూథరుగారి జీతము పెండ్లినాటికి సంవత్సరమునకు 200 గుల్డెనులాయెను. ఆయన గ్రంథములు అమ్మి ముద్రాపకులు ధనవంతులైరి గాని ఆయన వారియొద్ద ఒక్క కాసు తీసికొనలేదు. చేతిలో ఉన్నది అడిగినవానికి ఇచ్చివేయును, లేనియెడల ఇంటిలోని వెండి పాత్ర తీసి ఇచ్చును, అదియు లేనియెడల ఇతరుల అప్పునకు తాను పూచీపడును. 1527 ఆరంభమున ఆయన అప్పు 100 గుల్డెనులు దాటెను. మూడు వెండి గిన్నెలు 50 గుల్డెనులకు కుదువ పోయెను, నాలుగవది అమ్ముడుపోయెను. చిత్రకారుడైన లూకాస్ క్రానాఖ్ మొదలగు మిత్రులు, ఆయన మంచి కోరియే, ఇక నీ పూచీ మేము అంగీకరింపమని చెప్పవలసి వచ్చెను.

ఇట్టి భర్తతో ఇల్లు నడుపుట ఎట్లు? పెండ్లికానుకగా మైంజు పట్టణపు ఆర్చిబిషప్పు 20 గుల్డెనులు పంపెను. 1517లో లూథరుగారు ఎదిరించిన పాపక్షమాపణ పత్రముల అమ్మకము ఈయన అధికారము క్రిందనే జరిగినది! లూథరుగారు ఆ సొమ్ము వద్దనిరి. కేథరీనా మాత్రము చప్పుడు చేయక తీసి దాచెను. మరియొకసారి లూథరుగారు ఒక స్నేహితునికి మంచి పాత్ర ఒకటి బహుమానము పంపుచున్నానని ఉత్తరము వ్రాసి, చివరకు అది ఎక్కడనో కనబడుటలేదనియు కేథరీనా దాచినదనియు చేర్చవలసి వచ్చెను. చదువువారు నవ్వుదురు. నెల చివర బియ్యపు కుండ అడుగు కనబడిన తల్లులు నవ్వుతో ఆగరు.

అయితే దాచుటతోనే ఇల్లు నిలువలేదు. ఆమె తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచెడిది. అందుచేత లూథరుగారు ఆమెను విట్టెన్‌బర్గు వేకువ చుక్కయని పరిహసించెడివారు. దొడ్డిలో కూరగాయలు పండించెను, తోటలు సంపాదించెను. ఆవులు, పందులు, కోళ్లు, బాతులు పెంచెను. చేపల చెరువు చూచుకొనెను. ఆ ఇంటికి బీరు అను యవల పానీయము కాచుకొను హక్కుండగా, దానిని తానే కాచెను. ఇది విని మన సంఘములలో ముక్కుమీద వేలువేసికొనువారుందురు. ఆ దేశములో ఆ కాలమున అది మన మజ్జిగవలె భోజనముతో అందరు త్రాగు పానీయము, కొనుటకంటె ఇంట చేసికొనుట చవుక, అంతే. మఠపు గదులు ఖాళీగా ఎందుకుండవలెనని విద్యార్థులను పెట్టుకొని, భోజనమునకును బసకును సొమ్ము తీసికొనెను. ఆ లెక్కలు లూథరుగారికి అప్పగింపలేదు. అది ఆమె చేసిన మంచి పనులలో ఒకటియని మా అభిప్రాయము.

ఆ భోజనపు బల్లయొద్ద కొన్నిసార్లు 30, 40 మంది కూర్చొనెడివారు. సొమ్మిచ్చువారు కొందరే. అనాథలైన మేనల్లుండ్రు, మేనకోడండ్రు, తరిమివేయబడిన బోధకులు, రోగులు, దారినపోవు అతిథులు తక్కినవారు. కేథరీనా మేనత్త మగ్దలేనా, తానును ఒకప్పటి సన్యాసినియే, ఆ ఇంటనే ఉండి పిల్లలను ఎత్తుకొని పెంచెను. 1527లో పట్టణమున తెగులు వచ్చినప్పుడు లూథరుగారు ఊరు విడువలేదు, ఆ ఇల్లే ఆసుపత్రియాయెను. అప్పుడు కేథరీనా గర్భవతి, పెద్ద కుమారుడు హాన్స్ ఏడాది దాటిన పసివాడు, అతనికిని జబ్బు చేసెను. అప్పు 100 గుల్డెనులు దాటినది ఆ సంవత్సరమే యని జ్ఞాపకము చేయుచున్నాము.

విద్యార్థులు లూథరుగారి నోటినుండి వచ్చిన ప్రతి మాటను బల్లయొద్ద వ్రాసికొనిరి. అవి గ్రంథములైనవి. వడ్డించిన చేతికి వారిలో కొందరు కృతజ్ఞత చూపలేదు. గర్విష్ఠురాలనియు, పిసినారియనియు, భర్తమీద పెత్తనము చేయుననియు చెప్పుకొనిరి. లూథరుగారే ఉత్తరములలో ఆమెను ఇంటి దొరగా సంబోధించి పరిహసించిన మాట నిజమే. పిసినారి అను మాటను మాత్రము మేము అంగీకరింపము. అయిదువేల మందికి రొట్టె పంచిన ప్రభువే మిగిలిన ముక్కలు పోగుచేయుమని శిష్యులకు ఆజ్ఞాపించెను. పంచినవాడును పోగుచేయించినవాడును ఒక్కడే. లూథరుగారి ఇంట ఆ పనులు రెండును ఇద్దరి చేతులకు పంచబడినవి. పోగుచేయు చెయ్యి లేనియెడల పంచు చెయ్యి 1527లోనే ఆగిపోయియుండును.

వారికి ఆరుగురు బిడ్డలు పుట్టిరి. 1526లో హాన్స్, 1527 డిసెంబరులో ఎలీసబెతు, 1529లో మగ్దలేనా, 1531లో మార్టిన్, 1533లో పౌలు, 1534లో మార్గరెతా. పసిబిడ్డల పనిని లూథరుగారు చిన్నచూపు చూడలేదు. పెండ్లికి మూడేండ్లు ముందే, 1522లో వివాహమును గూర్చి వ్రాసిన గ్రంథములో, తండ్రి విశ్వాసముతో బిడ్డ గుడ్డలు ఉతుకుచుండగా లోకులు నవ్వినను దేవుడు సంతోషించునని వ్రాసిరి. మన పురుషులు ఈ పంక్తిని రెండుసార్లు చదువుదురు గాక. ఆయన తన పాత లాగులకు తానే అతుకులు వేసికొనెడివారు. ఒకమారు అతుకు గుడ్డకొరకు కుమారుని లాగునే కత్తిరించిరను కథయు ఆయన చరిత్రలలో కనబడును. పొదుపు ఆ ఇంటిలో ఇల్లాలి వంతు మాత్రమే కాదన్నమాట, తీరు మాత్రము కేథరీనాకు నచ్చియుండదు!

సాయంకాలములలో పిల్లలతో కూడి పాటలు పాడెడివారు. ఇంటి పెద్ద తన ఇంటివారికి నేర్పుటకై చిన్న కాటెకిజమును లూథరుగారు ప్రకటించినది 1529లో. అప్పుడు హాన్స్ రెండు మూడేండ్లవాడు. కేథరీనాకు చదువుటకు తీరిక చిక్కుట కష్టము. 1535లో, రానున్న ఈస్టరు లోపల బైబిలు మొత్తము చదివినయెడల 50 గుల్డెనులిత్తునని ఆయన మాట ఇచ్చెను. ఆ సొమ్ము ఆమె పెట్టెలోనుండియే తీసి ఆమెకే ఇయ్యవలసి యుండునని మాకు తోచుచున్నది.

రెండవ బిడ్డ ఎలీసబెతు ఎనిమిది నెలలైనను నిండక ముందే 1528 ఆగష్టులో చనిపోయెను. 1530లో లూథరుగారు కోబుర్గు కోటలో నెలల తరబడి ఉండవలసి వచ్చినప్పుడు, కేథరీనా చంటిబిడ్డయైన మగ్దలేనా చిత్రమును ఆయనకు పంపెను. ఆయన దానిని తన గదిలో కన్నుల కెదుట ఉంచుకొనిరి. ఆ మగ్దలేనాయే 1542 సెప్టెంబరు 20న, 13 ఏండ్ల ప్రాయమున, తండ్రి చేతులలో ప్రాణము విడిచెను. చదువునకై టోర్గౌలోనున్న అన్న హాన్సును చూడవలెనని ఆమె కోరగా బండి పంపి పిలిపించిరి. తల్లి అదే గదిలో, దుఃఖము పట్టజాలక, మంచమునకు కొంత దూరముగా నిలిచియుండెను. ఆ రాత్రి తరువాతి ఉదయమున కూడ ఆవులు పాలు పితుకవలసియే యుండెను, బల్లయొద్ద జనులు కూర్చొనియే యుండిరి. బిడ్డలను సమాధిచేసి వచ్చి పొయ్యి రాజేసిన తల్లులు మన సంఘములో ఉన్నారు. వారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు.

1540లో ఆమె తన సహోదరునియొద్ద జూల్స్‌డోర్ఫు అను చిన్న పొలమును 610 గుల్డెనులకు కొనెను. రెండు దినముల బండి ప్రయాణము. అయినను తానే వెళ్లి దుక్కియు కోతయు చూచుకొనెడిది. ఇంత శ్రమ ఎందుకని ఆనాడు అడిగినవారున్నారు. జవాబు త్వరలోనే వచ్చెను.

1542 ఆరంభమున లూథరుగారు వీలునామా వ్రాసి, సమస్తమును భార్యకే విడిచిరి. ఆ దేశపు చట్టము విధవరాలికి అంత హక్కునియ్యదు. అప్పులు ఇంకను సుమారు 450 గుల్డెనులుండవచ్చుననియు, వాటిని ఆమెయే తీర్చుననియు, తల్లి బిడ్డల చేతులవైపు చూడకుండ బిడ్డలే తల్లి చేతివైపు చూడవలెననియు ఆయన కారణములు చూపిరి. 1546 ఫిబ్రవరి 18న ఐస్లేబెను పట్టణములో ఆయన మరణించిరి. వెంటనే పెద్దమనుష్యుల సలహాలు బయలుదేరెను: అంత పెద్ద ఇల్లెందుకు, పొలములెందుకు, కుమారులను వేరుచేసి ఇతరుల చేతికిచ్చిన చాలదా అని. ప్రభువు వీలునామాను అంగీకరించెను గాని బిడ్డలకు సంరక్షకులను నియమించెను. కేథరీనా పట్టు విడువక, బిడ్డలను తనయొద్దనే నిలుపుకొనెను. చేతిలో పొలమును, బసకిచ్చు గదులును లేనియెడల ఆ మాట నెగ్గెడిది కాదని మేమనుకొందుము.

అంతలో చక్రవర్తికిని ప్రొటెస్టెంటు ప్రభువులకును యుద్ధము వచ్చెను. బిడ్డలతో ఆమె మాగ్డెబుర్గునకును, తరువాత బ్రౌన్‌ష్వైగునకును పారిపోయెను. 1547లో తిరిగి వచ్చునప్పటికి పొలములు పాడైనవి, పశువులు పోయినవి. అప్పు తెచ్చెను, డెన్మార్కు రాజుకు సహాయముకొరకు వ్రాసెను, మరల విద్యార్థులకు గదులిచ్చెను. 48 ఏండ్ల వయస్సున మొదటినుండి ఆరంభించెను.

1552లో విట్టెన్‌బర్గున మరల తెగులు రాగా చిన్నపిల్లలిద్దరితో టోర్గౌకు బయలుదేరెను. దారిలో గుఱ్ఱములు బెదిరి పరుగెత్తెను. బిడ్డల ప్రాణములకు భయపడి, వాటిని ఆపుటకై బండినుండి దుమికి, చల్లని నీటి గుంటలో పడెను. ఆ దెబ్బనుండి కోలుకొనలేదు. మంచమునబడి, డిసెంబరు 20న, 53వ ఏట, ప్రభువునందు నిద్రించెను. ముప్పది ఏండ్ల క్రితము ఆమెను బండిలో దాటించిన కోప్పె పట్టణము అదియే. అక్కడి మరియమ్మ దేవాలయములో ఆమెను సమాధి చేసిరి.

కుమారులలో హాన్స్ న్యాయశాస్త్రము చదివెను, మార్టిన్ వేదాంతము చదివెను, పౌలు పేరుపొందిన వైద్యుడాయెను. మార్గరెతాకు మంచి ఇంట వివాహమాయెను. విట్టెన్‌బర్గులోని ఇంటిని బిడ్డలు 1564లో విశ్వవిద్యాలయమునకు అమ్మిరి. నేడు అది వస్తు ప్రదర్శనశాల. 1540లో భర్త పుట్టినరోజునకు కేథరీనా కట్టించి ఇచ్చిన రాతి వాకిలి ఇంకను అక్కడ నిలిచియున్నది. దాని ఇరుప్రక్కల ఒక్కొక్క రాతి ఆసనము, పని ముగిసిన సాయంకాలమున ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండుటకు.