అతిశీతల సాధకుడు కామర్లింగ్ ఓన్నెస్

విజయగాథలు చదివి ముగ్ధులమవడం మనకు అలవాటు. విజయపు ముంగిట భంగపడిన ఒక మహనీయుని చరిత్రను విద్యార్థుల ముందుంచడం మా ఉద్దేశ్యం.

హైకె కామర్లింగ్ ఓన్నెస్ 1853 సెప్టెంబరు 21న హాలెండులోని గ్రోనింగెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి పెంకుల కర్మాగార యజమాని. హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ వంటి ఆచార్యుల సన్నిధిలో విద్యనభ్యసించి, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యులైనారు. కొలత ద్వారానే జ్ఞానం సిద్ధిస్తుందని ఆయన విశ్వాసం.

ఆ మార్గం నిష్కంటకం కాలేదు. పీడనవాయువులు పేలవచ్చునన్న పౌరుల భయం వల్ల 1895 నుండి సుమారు మూడేళ్ళు శీతల ప్రయోగాలు ఆగిపోయాయి. ఆయన నిరుత్సాహపడలేదు. చేతిపనిని చిన్నచూపు చూడక, 1901లో పరికరాల తయారీ, గాజుపని నేర్పే పాఠశాలను నెలకొల్పారు.

మన భీమునిపట్టణం ఇసుకలోనూ లభించే మోనజైట్ ఖనిజం నుండి హీలియం వాయువును సేకరించి, 1908 జూలై 10న దానిని తొలిసారిగా ద్రవీకరించారు. లభించినది సుమారు 60 ఘన సెంటీమీటర్లు. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువన 269 డిగ్రీలు. 1911 ఏప్రిల్ 8న ఆ చలిలో పాదరసపు విద్యున్నిరోధం మాయమైంది. అదే అతివాహకత్వం. ఆ కొలతలు తీసిన శిష్యుడు గిల్లెస్ హోల్స్ట్ పేరు రచయితగా ఆ పత్రంపై లేదు. మహనీయుల చరిత్రలోని ఇట్టి లోపాలను కూడా మనం గుర్తించాలి.

నిరోధం లేని తీగ వేడెక్కదు గనుక, ఆ తీగచుట్టతో లక్ష గాస్ బలం గల అయస్కాంతం నిర్మించగలమని 1913లో ఆయన ఆశించారు. ఆ యేడే నోబెల్ బహుమతి వరించింది. కాని కొన్ని వందల గాస్ క్షేత్రానికే సీసపు తీగ తన గుణాన్ని కోల్పోయింది. ఆ వైఫల్యాన్ని దాచక ప్రకటించారు. 1926 ఫిబ్రవరి 21న కన్నుమూసేనాటికి ఆ స్వప్నం స్వప్నంగానే మిగిలింది.

1961లో కుంజ్‌లర్ బృందం నియోబియం-తగరపు సమ్మేళనం 88 వేల గాస్‌నూ సహించగలదని నిరూపించింది. నేడు ద్రవ హీలియం తొట్టెతో పనిలేని చిన్న అయస్కాంతాలూ వెలిశాయి. శూన్యపాత్రలో అమర్చిన తీగచుట్ట నుండి వేడిని రాగి పట్టీల గుండా శీతలయంత్రం లాగివేస్తుంది. పరీక్షించేవారు విద్యుత్తును మెల్లమెల్లగా పెంచుతూ, చుట్ట ఎక్కడ అతివాహకత్వం కోల్పోతుందో కనిపెడతారు. ఓన్నెస్ ఎదుర్కొన్న ప్రశ్న అదే!

గొలుగొండ నుండి విశాఖ ఆసుపత్రికి వెళ్ళి ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకునే రోగికి ఆయన పేరు తెలియకపోవచ్చు. ఆ యంత్రపు గర్భంలో ఉన్నది ఆయన కలయే. ప్రయోగశాలలో ఫలితం తప్పినపుడు అంకెలు దిద్దక, ఉన్నదున్నట్లు వ్రాసే ధైర్యం మన విద్యార్థులకు అలవడాలని మా ఆకాంక్ష.