డీజిల్ అంటే ఓ మనిషి పేరని తెలుసా? తన ఇంజిన్ కారెక్కకముందే సముద్రంలో మాయమయ్యారు..

కల్లూరు (కర్నూలు): డీజిల్ స్విఫ్ట్ కొత్తది కొందామంటే ఇప్పుడు దొరకదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రూల్స్ రావడంతో మారుతి డీజిల్ కార్లకు గుడ్‌బై చెప్పేసింది. కల్లూరులో ఫ్యామిలీకి డీజిల్ స్విఫ్టే కావాలంటే పాతదాన్నే వెతుక్కోవాలి. హైవే ఎక్కి హైదరాబాద్, బెంగళూరు తిరిగేవాళ్లకు మైలేజీ ముఖ్యం కదా మరి! ఆ మైలేజీ ఇచ్చే ఇంజిన్‌కు పేరిచ్చిన పెద్దమనిషి మాత్రం అప్పుల్లో మునిగి, నడి సముద్రంలో కనిపించకుండా పోయారు. ఆయనే రుడాల్ఫ్ డీజిల్.

ఆయన 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్, జర్మన్ల మధ్య యుద్ధం రావడంతో ఆ కుటుంబం కట్టుబట్టలతో లండన్ చేరింది. పన్నెండేళ్ల పిల్లాడిని చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడి నుంచి మ్యూనిక్ కాలేజీ. ఫ్రిజ్ టెక్నాలజీకి ఆద్యుల్లో ఒకరైన కార్ల్ ఫాన్ లిండే ఆయనకు పాఠాలు చెప్పారు, తర్వాత ఉద్యోగమూ ఇచ్చారు.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలన్నీ ఆవిరి యంత్రాలతోనే నడిచేవి. బొగ్గు వేడిలో దాదాపు 90 శాతం వృథా అయ్యేది. డీజిల్‌కు నచ్చనిది అదే. గాలిని సిలిండర్‌లో గట్టిగా నొక్కితే అది భగభగ వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే కాలినట్టుంటుంది చూడండి.. అదే లెక్క. ఆ వేడిగాలిలోకి ఇంధనం చల్లితే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. 1892లో ఈ ఐడియాకు పేటెంట్ అడిగారు, మరుసటి ఏడాది చేతికొచ్చింది.

కాగితం మీద బాగానే ఉంది. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజిన్‌ను పరీక్షిస్తే ప్రెజర్ కొలిచే పరికరం కాస్తా పేలిపోయింది. ప్రాణాలతో బయటపడటమే గొప్ప! ఆరు నెలల తర్వాత ఇంజిన్ తనంతట తాను నడిచింది.. ఒక్క నిమిషం పాటు. అలా మూడేళ్లు పైనే నలిగారు. చివరికి 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ల ముందు పరీక్ష జరిగింది. ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారిందని తేలింది. ఆవిరి యంత్రాలు బిత్తరపోయే నంబర్ అది.

పాత డీజిల్ కారు కొనేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. స్పార్క్ ప్లగ్ లేని ఇంజిన్ ఇది. గాలిని నొక్కే బలం, అదే కంప్రెషన్, తగ్గితే ఇక అంతే సంగతులు. అందుకే బండి చూడ్డానికి వెళ్లేముందు, స్టార్ట్ చేసి ఉంచొద్దని ఓనర్‌కు ముందే చెప్పాలి. వేడెక్కిన ఇంజిన్ తన లోపాన్ని దాచేస్తుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ పొద్దున్నే ఒకటి రెండు తిప్పులకే అందుకుంటే కంప్రెషన్ బాగున్నట్టే అనుకోవచ్చు. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, నల్లగా వస్తే ఇంధనం పూర్తిగా కాలడం లేదని అర్థం. ఓడోమీటర్ రీడింగ్‌ను నమ్మడం కంటే పొగను నమ్మడమే మేలు.

ఇంకో సంగతి మన రాయలసీమ వాళ్లకు మరీ దగ్గరిది. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అవును.. మన బుడ్డల నూనే! తర్వాత డీజిల్ కూడా మొక్కల నూనెలపై ప్రయోగాలు చేశారు. అలాగని ఇప్పటి స్విఫ్ట్‌లో పోసేయొద్దు. అందులోని సన్నటి ఇంజెక్టర్లు ఆ చిక్కటి నూనెకు మూసుకుపోతాయి, రిపేరు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఆయన ఇంజిన్ ఫ్యాక్టరీలకు, ఓడలకు ఎక్కింది కానీ కారుకు ఎక్కలేదు. ఇంధనం చల్లడానికి ప్రత్యేకంగా ఒక గాలి కంప్రెసర్ కావాల్సి వచ్చేది, బరువు అంత ఎక్కువ. 1920ల్లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపు తెచ్చాకే దారి దొరికింది. 1936లో మెర్సిడెస్ డీజిల్ కారు వచ్చింది. మన దేశంలో 1998లో టాటా ఇండికా, 2007లో డీజిల్ స్విఫ్ట్. ఇవేవీ ఆయన చూడలేదు.

పేటెంట్లతో కోట్లు సంపాదించారు నిజమే. కోర్టు కేసులు, భూముల బేరాలు, తప్పుడు పెట్టుబడులు ఆ డబ్బంతా తినేశాయి. ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఇంగ్లండ్‌కు వెళ్లేందుకు ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కారు. తోటివాళ్లతో కలిసి భోజనం చేశారు. పొద్దున 6.15కు లేపమని చెప్పి క్యాబిన్‌కు వెళ్లిపోయారు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు. టోపీ, ఓవర్‌కోటు మాత్రం డెక్ మీద రెయిలింగ్ దగ్గర దొరికాయి.

ఆత్మహత్యా? హత్యా? అప్పట్లో పత్రికలు రకరకాలుగా రాశాయి. ఆయిల్ వ్యాపారుల కుట్ర అన్నారు, జర్మన్ గూఢచారుల పని అన్నారు. దేనికీ రుజువు లేదు. ప్రయాణానికి ముందు భార్య మార్తాకు ఆయన ఓ సంచి ఇచ్చి, వారం దాకా తెరవొద్దన్నారట. అందులో 20 వేల మార్కుల నగదుతో పాటు ఖాళీ అయిన ఖాతాల కాగితాలు ఉన్నాయని చెబుతారు. అప్పుల లెక్క చూస్తే ఆత్మహత్య వైపే ఎక్కువమంది మొగ్గుతారు.

పది రోజుల తర్వాత ఓ డచ్ పడవకు నీళ్లలో శవం కనిపించింది. బాగా పాడైపోవడంతో పైకి తీసుకురాలేకపోయారు. జేబుల్లోని వస్తువులు మాత్రం తీసుకుని శవాన్ని మళ్లీ సముద్రానికే వదిలేశారు. మాత్రల డబ్బా, పర్సు, చిన్న చాకు, కళ్లజోడు పెట్టె. అవి నాన్నవేనని కొడుకు యూజెన్ గుర్తుపట్టాడు.