పశువుల డాక్టర్లకు బడి పెట్టిన బూర్జెలా

బి.ఎస్సీ. చదివే మనకు పాశ్చర్ తెలుసు, మెండెల్ తెలుసు. క్లాడ్ బూర్జెలా పేరు మాత్రం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించలేదు. పాడినీ అరకనీ నమ్ముకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

బూర్జెలా 1712లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జన్మించాడు. గుర్రపుస్వారీలో దిట్ట. 1740లో ఆ ఊరి స్వారీ విద్యాలయానికి అధిపతి అయ్యాడు. గుర్రాల శరీరం గురించి, వాటి జబ్బుల గురించి పుస్తకాలు రాశాడు. దిదెరో విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు పంపాడు. దొరబిడ్డలకు స్వారీ నేర్పుకుంటూ హాయిగా కాలం వెళ్ళబుచ్చవలసినవాడే.

కాని ఆ శతాబ్దంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఐరోపాలో మందలకు మందల్నే తుడిచిపెట్టింది. వైద్యం చేసేవాళ్ళు ఎవరయ్యా అంటే, ఎక్కువగా గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరులు. ఎద్దు చస్తే అరక ఆగుతుంది. అరక ఆగితే రాజుకు పన్నెక్కడిది? ఈ లెక్క తెలిసినవాడు బెర్తాన్. లియాన్‌లో పాలనాధికారిగా ఉన్నప్పటి నుంచి బూర్జెలాకు మిత్రుడు. 1759లో దేశ ఆర్థిక వ్యవహారాలు ఆయన చేతికి వచ్చాయి. 1761 ఆగస్టులో రాజు కొలువు నుంచి అనుమతి వచ్చింది, ఆరేళ్ళకు కలిపి 50,000 లీవ్రుల సాయమూ వచ్చింది. 1762 మొదట్లో ఒక పాత సత్రంలో బడి తెరిచారు. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య కళాశాల అదే!

నాకు ముఖ్యంగా తోచేది ఆ డబ్బు సంగతి. బడికి ఖజానా సొమ్ము. పిల్లల్లో చాలామందిని వాళ్ళ ప్రాంతాల అధికారులే ఖర్చు పెట్టి పంపారు. లేకపోతే కమ్మరి కొడుకు, రైతు కొడుకు ఆ గడప తొక్కగలరా? తొలి ఏడాదే విద్యార్థుల్ని రోగం తగిలిన ఊళ్ళకు తోలారు. డెన్మార్కు, స్వీడన్ ప్రభుత్వాలు కూడా మనుషుల్ని పంపాయి. అలా వెళ్ళిన ఆబిల్‌గార్డ్ 1773లో కోపెన్‌హేగన్‌లో ఇలాంటి బడే పెట్టాడు.

పోయినేడు మా గేదె ఈనలేక రాత్రంతా తన్నుకుంది. డాక్టరు వచ్చేసరికి తెల్లారింది. పాపం, ఆయనొక్కడికే బోలెడు ఊళ్ళు. దూడ దక్కలేదు. మా నాన్న ఆయన్ను ఒక్క మాట అనలేదు. పశువైద్యం చెప్పాలంటే ఆసుపత్రి కావాలి, బతికున్న పశువులు కావాలి, కోసి చూడటానికి కళేబరాలు కావాలి. ఈ ఖర్చు ఫీజులతో తీరేది కాదు. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల పెట్టిందీ ప్రభుత్వమే కదా.

బూర్జెలాలో లోపాలు లేకపోలేదు. ఆయన మనసు ఎప్పుడూ గుర్రం మీదే, ఆవు తర్వాతే. కోపిష్ఠి కూడా. పారిస్ దగ్గర ఆల్ఫోర్‌లో పెట్టిన రెండో బడి నుంచి శరీర నిర్మాణ శాస్త్రంలో అంతటివాడైన ఫ్రగొనార్‌ను 1771లో సాగనంపాడు. 1779 జనవరిలో కన్నుమూశాడు. రిండర్‌పెస్ట్ భూమ్మీద లేకుండా పోయిందని ప్రపంచ సంస్థలు ప్రకటించింది 2011లో. లియాన్ బడికి సొమ్ము మంజూరై అప్పటికి 250 ఏళ్ళు.