దోమ కడుపులో దొరికిన జవాబు
(రొనాల్డ్ రాస్ జీవితం – మనకు పాఠాలు)

పొందూరు ఖద్దరు గురించి వినని తెలుగువారు అరుదు. అయితే ఆ సన్నని నూలు వెనుక ఒక చేప కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. మా పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ దవడకున్న సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి పత్తి పీచును సాఫు చేస్తాయి. తిని పారేసే ఎముకలో ఇంత ప్రయోజనం ఉందని ఏనాడో ఎవరో ఓపికగా గమనించారు. అల్లాహ్ సృష్టించిన వాటిలో వ్యర్థమైనది ఏదీ లేదని మనమంతా నమ్ముతాం. కాని ఆ సృష్టిని శ్రద్ధగా పరిశీలించే వాళ్లం మనలో ఎంతమందిమి?

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో దోమ ప్రస్తావన ఉంది. ఎంత చిన్న ప్రాణి అయినా ఉదాహరణకు పనికిరానిది కాదన్నది అక్కడి బోధ. ఆ చిన్న ప్రాణినే ఏళ్ల తరబడి పరిశీలించి, లక్షలాది ప్రాణాలు కాపాడే మార్గం చూపిన ఒక వైద్యుడి జీవితం ఈ నెల చెప్పుకుందాం. ఆయన పేరు రొనాల్డ్ రాస్. ఆయన ముస్లిం కాదు, ఆంగ్లేయుల సైన్యంలో డాక్టరు. అయినా ఆయన పని జరిగింది మన తెలుగు గడ్డ మీద, సికింద్రాబాద్‌లో. ఆ పనికి తోడ్పడినవారిలో ముగ్గురు ముస్లిం సోదరులున్నారు. మంచి మాట ఎక్కడ దొరికినా విశ్వాసి దాన్ని తనదిగా స్వీకరించాలని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు కదా!

ఇష్టం లేని చదువు

రాస్ 1857 మే 13న హిమాలయ పర్వత ప్రాంతమైన అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి సైన్యాధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవారు. ఎనిమిదేళ్ల వయసులో ఆయనను చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. ఆయన మనసంతా కవిత్వం, సంగీతం, లెక్కల మీదే ఉండేది. తండ్రి మాత్రం వైద్యమే చదవాలని పట్టుబట్టారు. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి కళాశాలలో చేరారు గాని చదువు మీద అంతగా శ్రద్ధ పెట్టలేదు. ఒక పరీక్ష తప్పారు. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేశారు. చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం సంపాదించి మన దేశానికి వచ్చారు.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన బసలో దోమల బెడద ఎక్కువగా ఉండేది. కిటికీ బయట ఉన్న నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు ఈదుతుండడం చూసి, ఆ నీళ్లు పారబోయించారు. దోమలు తగ్గిపోయాయి. ఎంత చిన్న సంగతి! కాని ఆయన జీవితమంతా చేసిన పనికి బీజం అక్కడే పడింది.

చెడుగాలి అనే భ్రమ

ఆ రోజుల్లో చలిజ్వరం ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలే కారణమని వైద్యులు సైతం నమ్మేవారు. మలేరియా అనే మాటకు అర్థమే చెడుగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనిపెట్టారు. అయితే అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందన్నది అంతుపట్టలేదు. 1894లో రాస్ సెలవుపై లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమకు దీనితో సంబంధం ఉండవచ్చని చెప్పారు. దోమలు చచ్చిపడిన నీళ్లు తాగడం వల్ల జ్వరం వస్తుందేమోనని మాన్సన్ అనుమానం. అది సగమే నిజం. మిగతా సగం తేల్చే పని రాస్ భుజాన వేసుకున్నారు.

1895లో ఆయన సికింద్రాబాద్ చేరారు. అక్కడ అబ్దుల్ ఖాదిర్ అనే మలేరియా రోగి దోమల చేత కుట్టించుకోవడానికి ముందుకొచ్చారు. జ్వరమున్న మనిషి రక్తం తాగిన దోమలో ఆ సూక్ష్మజీవి ఏమవుతుందో చూడాలన్నది రాస్ ఉద్దేశం. తొలి దశలు కనబడ్డాయి గాని ఆపై దారి మూసుకుపోయింది. ఇంతలో బదిలీ వచ్చి, బెంగళూరులో కలరా పని చూడవలసి వచ్చింది. 1897లో ఊటీ ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆయనకే మలేరియా సోకింది. కోలుకుని ఆ ఏడాది వేసవిలో తిరిగి సికింద్రాబాద్ వచ్చారు.

1897 ఆగస్టు 20

అప్పటిదాకా ఆయన కోసి చూసిన దోమలన్నీ మలేరియాను మోయని జాతులవి. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు కొన్ని చేతికి వచ్చాయి. ఆగస్టు 16న వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఒంటి మీద వదిలారు. రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టజెప్పారు.

తర్వాత నాలుగు రోజులూ రాస్ ఒక్కో దోమనూ కోసి, దాని దేహంలో ప్రతి భాగాన్నీ వెతికారు. విపరీతమైన ఉక్క. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా లేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. దాని అద్దం పగిలి ఉంది. 20వ తేదీ నాటికి కొద్ది దోమలే మిగిలాయి. వాటిలో ఒకదాని కడుపు గోడలో, ఉండకూడని గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తంలో కనబడే రేణువులు అచ్చం అలాంటివే! మరునాడు ఇంకో దోమను కోస్తే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే ఆ జీవి దోమలో పెరుగుతోంది. అందుకే ఏటా ఆగస్టు 20ని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు.

సెప్టెంబరులోనే ఆయనకు మళ్లీ బదిలీ అయింది. మలేరియా అంతగా లేని రాజపుతానాకు పంపారు. 1898లో కలకత్తా చేరాక మనుషులకు బదులు పక్షులకు వచ్చే మలేరియాను పరిశీలించారు. అక్కడ ఆయనకు సహాయకుడిగా ముహమ్మద్ బఖ్ష్ అనే యువకుడు దొరికారు. ఆయనతోపాటు చేరిన మరొకరు మొదటి జీతం అందగానే వెళ్లిపోయారు. ముహమ్మద్ బఖ్ష్ మాత్రం చివరిదాకా నిలబడ్డారు. ఆ ఏడాది జూలైలో ఆ సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా మరో పక్షికి అంటుతుందని రాస్ రుజువు చేశారు. జ్వరం గాలి వల్ల కాదు, నీళ్లు తాగడం వల్లా కాదు, దోమకాటు వల్లనే! మనుషుల మలేరియాలో కూడా ఇదే జరుగుతుందని 1898 చివరలో ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. 1902లో రాస్‌కు వైద్యరంగంలో నోబెల్ బహుమతి లభించింది.

వైద్యం ఒక్కటే చాలలేదు

సాధారణంగా ఈ కథ ఇక్కడితో ముగిసిపోతుంది. కాని రాస్ ఇక్కడ ఆగలేదు. మన పిల్లలు ముఖ్యంగా గమనించవలసింది ఇక్కడి నుండే.

కారణం తెలిసింది, మరి నివారణ ఎలా? దానికి డాక్టరు సరిపోడు, ఇంజనీరు కావాలి. నిలవ నీరు పోవడానికి కాలువలు తవ్వాలి, గుంతలు పూడ్చాలి, పూడ్చలేని చోట నీటిపై నూనె చల్లాలి. 1902లో సూయజ్ కాలువ సంస్థ పిలుపుపై రాస్ ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణానికి వెళ్లి ఈ పనులు సూచించారు. ఆ పట్టణంలో మలేరియా గణనీయంగా తగ్గిపోయింది. 1904లో అమెరికా చేపట్టిన పనామా కాలువ నిర్మాణంలోనూ దోమల నివారణే కార్మికుల ప్రాణాలు కాపాడింది.

అప్పుడు మరో ప్రశ్న వచ్చింది. లోకంలోని దోమలన్నిటినీ చంపడం సాధ్యమా? సాధ్యం కాకపోతే ఇంత ఖర్చు దండగే కదా అన్నవారున్నారు. దీనికి జవాబు రాస్ లెక్కలతో చెప్పారు. ఒక రోగిని ఎన్ని దోమలు కుడతాయి, వాటిలో ఎన్ని బతికి మరో మనిషిని కుడతాయి అని సమీకరణాలు వేశారు. ఒక రోగి నుండి సగటున ఒకరికన్నా తక్కువ మందికి జబ్బు అంటేలా చేయగలిగితే చాలు, దోమలు కొన్ని మిగిలినా జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుందని తేల్చారు. 1908లో మారిషస్ దీవిపై ఇచ్చిన నివేదికలోనూ, 1910లో వెలువరించిన మలేరియా నివారణ గ్రంథంలోనూ ఈ లెక్కలున్నాయి. తర్వాతివారు వాటిని పెంచి పెద్ద చేశారు. 2020లో కరోనా సమయంలో కంప్యూటర్ల మీద వేసిన అంచనాలు, ఒక రోగి నుండి ఎంతమందికి సోకుతుందో చెప్పిన అంకెలు ఈ ఆలోచనకు వారసులే. చిన్ననాడు తండ్రి వద్దన్నా రాస్ వదలని లెక్కలు చివరికి వైద్యానికే పనికొచ్చాయి.

ఆయన వాడిన పనిముట్లను ఒకసారి తలచుకుందాం. సూక్ష్మదర్శినికి మూలం కాంతిశాస్త్రం. పదకొండో శతాబ్దంలో దానికి బలమైన పునాది వేసినవారు ఇబ్నుల్ హైసమ్. సమీకరణాలకు మూలం బీజగణితం. దాని అల్‌జీబ్రా అనే పేరు తొమ్మిదో శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ గ్రంథం నుండి వచ్చింది. కంప్యూటరువాళ్లు రోజూ పలికే అల్గారిథమ్ అన్న మాట ఆయన పేరే. నీటిని ఎత్తిపోసే యంత్రాలను 1206లో వర్ణించి రాసినవారు అల్ జజరీ. ఈ మాట గొప్పలు చెప్పుకోవడానికి కాదు. తాతల ఆస్తి గురించి చెప్పుకుంటూ ఖాళీగా కూర్చునే మనుమడి పరిస్థితి మనకు రాకూడదని చెప్పడానికి.

వెలుగుతోపాటు నీడ

రాస్ జీవితంలో మనం నేర్చుకోకూడనివి కూడా ఉన్నాయి. ఘనత ఎవరిదన్న విషయమై ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఆయన ఏళ్ల తరబడి తగవు పడ్డారు. దారి చూపిన మాన్సన్‌తోనూ సంబంధాలు చెడగొట్టుకున్నారు. తన కృషికి తగిన ప్రతిఫలం దక్కలేదన్న బాధ ఆయనను వదల్లేదు. 1911లో సర్ బిరుదు, 1926లో లండన్‌లో తన పేరిట ఒక పరిశోధనా సంస్థ లభించినా మనశ్శాంతి అంతంతమాత్రమే. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశారు. లోకుల మెప్పు కోసం చూసే మనిషికి ఎంత దొరికినా చాలదు. మన కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న దైవప్రవక్త (సఅసం) బోధ విలువ ఇక్కడే తెలుస్తుంది.

మరి హుస్సేన్ ఖాన్? అబ్దుల్ ఖాదిర్? ముహమ్మద్ బఖ్ష్? వారికి బిరుదులు లేవు, విగ్రహాలు లేవు. నేడైతే ఒక రోగిపై ప్రయోగం చేయాలంటే అన్నీ వివరించి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. ఆనాటి సైనిక ఆసుపత్రిలో ఒక పేద రోగికి దక్కింది అణాలు మాత్రమే. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత చూపనట్లేనని మనకు బోధించబడింది. కాబట్టి సికింద్రాబాద్ పేరు వచ్చినప్పుడల్లా డాక్టరుతోపాటు ఈ పేదలను కూడా తలచుకోవడం మన బాధ్యత. ఎవరి త్యాగానికి ఎంత విలువో అల్లాహ్‌కు బాగా తెలుసు.

మన ఇళ్లలో

ఈ కథ పాతది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఒక్క 2023లోనే మలేరియాతో దాదాపు 5,97,000 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని పసిపిల్లలు. మాకు దగ్గరలో ఉన్న సీతంపేట, పార్వతీపురం, పాడేరు మన్యం ప్రజలకు వానాకాలపు జ్వరాల బాధ బాగా తెలుసు. అయినా జ్వరం రాగానే దిష్టి తగిలిందనీ గాలి సోకిందనీ తాయెత్తుల కోసం తిరుగుతూ విలువైన రోజులు పోగొట్టుకునే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. ఆ రెండు మూడు రోజుల ఆలస్యమే ఒక్కోసారి బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. రక్తపరీక్ష చేయించి పూర్తిగా మందు వాడితే నయమయ్యే జబ్బు ఇది. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నది మన ప్రవక్త (సఅసం) ఆదేశం. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నదీ ఆయన నేర్పిన పద్ధతే.

రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని కూడా ఆయన (సఅసం) ఉపదేశించారు. అది దోమల గురించేనని మనం సొంతంగా అర్థాలు తీయనవసరం లేదు. కాని ఆ సున్నత్ పాటించే ఇంట్లో నీళ్ల కుండకు మూత ఉంటుంది. దానికి తోడు వారానికొకసారి తొట్లు కడిగి ఆరబెడితే, ఇంటి వెనుక టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నీరు నిలవకుండా చూస్తే, పిల్లలకు దోమతెర కడితే ఎంతో ముప్పు తప్పుతుంది. మన ఇంటి తొట్టిలో పుట్టిన దోమ పక్కింటి బిడ్డనూ కుడుతుంది. కాబట్టి ఇది పొరుగువారి హక్కుకు సంబంధించిన విషయం కూడా.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయి పురుగులను గమనిస్తుంటే, మీ అమ్మాయి లెక్కలంటే ఇష్టపడుతుంటే, యంత్రాలు విప్పి చూస్తుంటే కసురుకోకండి. వైద్యమో ఇంజనీరింగో కంప్యూటరో, ఏ చదువైనా సరే, మనిషి బాధ తీర్చాలనే సంకల్పంతో చదివితే అది పుణ్యకార్యం అవుతుంది. మనిషి చనిపోయిన తర్వాత కూడా ఆగని పుణ్యాలలో ప్రయోజనకరమైన జ్ఞానం ఒకటని మనందరికీ తెలుసు. నాడు మన సోదరులు దోమకాటుకు చేయి చాచారు, దోమలను పట్టి ఇచ్చారు. రేపు సూక్ష్మదర్శిని ముందు కూర్చునే వారిలో మన పిల్లలు ఉండాలి.

అల్లాహ్ తన సృష్టిని పరిశీలించే దృష్టిని, ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని ఆచరించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.