ప్రార్థనకు ముందు వాక్యం: జార్జ్ ముల్లర్ ఉదయాలు

జార్జ్ ముల్లర్ పేరు మన సంఘాలకు కొత్త కాదు. మనుషులను చెయ్యి చాచి అడగకుండా, అప్పు చెయ్యకుండా, ప్రార్థన మీద ఆధారపడి వేలమంది అనాథ పిల్లలను పోషించిన దైవజనుడిగా ఆయన కథను సండే స్కూల్లో పిల్లలకు చెబుతాం. ప్రసంగాల్లో ఆయనను ప్రార్థనా వీరుడు అంటాం. ఆ మాట నిజమే. అయితే అంత ప్రార్థన చెయ్యడానికి ఆయనకు ప్రతిరోజూ బలం ఎక్కడ నుండి వచ్చింది? దీనికి జవాబు ఆయనే తన జీవిత వృత్తాంతంలో రాసిపెట్టారు. మనం తరచుగా చెప్పుకోని ఆ సంగతిని ఈ వారం ధ్యానిద్దాం.

ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యా రాజ్యంలో, అంటే నేటి జర్మనీలో, క్రోపెన్‌స్టెట్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే ప్రభుత్వోద్యోగి. ఆయన ఇంట్లో ఉంచే సర్కారు సొమ్ములో నుండి జార్జ్ పదేళ్లు నిండకముందే డబ్బు దొంగిలించడం మొదలుపెట్టారు. తల్లి చనిపోయిన రాత్రి, ఆమె పరిస్థితి తెలియక, పద్నాలుగేళ్ల ఆ అబ్బాయి పేకాటలో ఉన్నాడు. పదహారేళ్ల వయసులో హోటళ్లలో దిగి బిల్లు కట్టలేక జైలు పాలయ్యారు. తండ్రి డబ్బు పంపి విడిపించవలసి వచ్చింది.

ఇలాంటి యువకుడే హాలె విశ్వవిద్యాలయంలో దైవశాస్త్ర విద్యార్థి అయ్యారు. పాదిరి అయితే జీవనానికి లోటుండదన్నది తండ్రి ఆలోచన. అప్పటికి జార్జ్ దగ్గర దాదాపు 300 పుస్తకాలు ఉన్నాయి. బైబిలు మాత్రం లేదు. దైవశాస్త్రం చదువుతున్నవాని దగ్గర దేవుని గ్రంథం లేకపోవడం వింతగా తోస్తుంది. తెలుగు భాషకు బైబిలును అనువదించడానికి తొలినాళ్లలో పూనుకొన్న మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఆ హాలె నుండే మన దేశానికి వచ్చారు. వాక్యాన్ని అంత దూరం పంపిన పట్టణంలో కూర్చుని కూడా వాక్యం లేకుండా బతకవచ్చని ముల్లర్ యౌవనం మనకు చూపిస్తుంది.

1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం స్నేహితుడు బీటా ఆయనను ఒక విశ్వాసి ఇంట్లో జరిగే చిన్న కూటానికి తీసుకువెళ్లాడు. అక్కడ ఒక మనిషి మోకాళ్లూని ప్రార్థించడం చూశారు. అంతకు ముందు ఎవరూ మోకరించి ప్రార్థించడం ఆయన చూడలేదు. ఆ రాత్రి ఆయన జీవితం మలుపు తిరిగింది. అప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు.

అయినా మారుమనస్సు పొందినంత మాత్రాన వాక్యం మీద ఆకలి కలగలేదు. విశ్వాసిగా మొదటి నాలుగేళ్లు బైబిలు కంటే బైబిలు గురించిన పుస్తకాలనే ఎక్కువగా చదివానని ఆయన ఒప్పుకున్నారు. 1829లో ఇంగ్లండు వచ్చి, జబ్బుపడి, గాలి మార్పు కోసం డెవన్ తీరంలోని టైన్‌మౌత్‌కు వెళ్లినప్పుడే దేవుని వాక్యం ఒక్కటే విశ్వాసికి ప్రమాణమని ఆయనకు స్థిరపడింది. గది తలుపు వేసుకుని, లేఖనాలు తెరిచి, ప్రార్థనతో చదివిన కొన్ని గంటల్లో అంతకు ముందు నెలల తరబడి నేర్వనిది నేర్చుకున్నారు.

1830లో ముల్లర్ టైన్‌మౌత్ సంఘానికి కాపరి అయ్యారు. అదే సంవత్సరం అక్టోబరులో మేరీ గ్రోవ్స్‌ను వివాహం చేసుకున్నారు, ఆ నెలలోనే జీతం వదులుకున్నారు. ఆమె ఎవరో తెలిస్తే మన గోదావరి జిల్లాల విశ్వాసులకు సంతోషం కలుగుతుంది. ఆమె అన్న ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. రాయి చెక్కే పనివాడైన విలియం బౌడెన్‌ను, చెప్పులు కుట్టే పనివాడైన జార్జ్ బీర్‌ను, వారి భార్యలతో సహా 1836లో మన దేశానికి తీసుకువచ్చినవారు ఆయనే. వారి సేవ నరసాపురంలో వేళ్లూని గోదావరి డెల్టా మిషన్‌గా పెరిగింది. బ్రిస్టల్‌లో ముల్లర్ నడిచిన విశ్వాస మార్గం, మన డెల్టా కాలువల గట్ల మీద వీరు నడిచిన మార్గం ఒకే కుటుంబానికి, ఒకే సహవాసానికి చెందినవి.

1832లో ముల్లర్ బ్రిస్టల్ చేరారు. 1835 జూన్‌లో పదిహేను నెలల కుమారుడు ఎలైజా చనిపోయాడు. ఆ డిసెంబరులో ఒక సాయంత్రం చదువుతుండగా 81వ కీర్తన 10వ వచనం ఆయన మనసును పట్టుకుంది. నోరు బాగా తెరిస్తే నింపుతానని దేవుడు తన ప్రజలకిచ్చిన ఆ వాగ్దానాన్ని అనాథ గృహం కోసం ఎత్తిపట్టి ప్రార్థించారు. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలో, అద్దె ఇంట్లో, 30 మంది ఆడపిల్లల కోసం మొదటి గృహం తెరుచుకుంది.

తరువాతి సంవత్సరాలు సుఖంగా గడిచాయనుకోవద్దు. ముఖ్యంగా 1838 నుండి ఏడేళ్ల పాటు రేపటి రొట్టెకు చేతిలో డబ్బు లేని రోజులు మళ్లీ మళ్లీ వచ్చాయి. ముల్లర్, ఆయన తోటి పనివారు కలిసి ప్రార్థించేవారు. ఉదయం ఏమీ లేక, మధ్యాహ్నానికి కొంత అంది, సాయంత్రానికి మళ్లీ ఖాళీ అయిన రోజులున్నాయి. 1841 చివర ఇబ్బంది తీవ్రంగా ఉన్నప్పుడు వార్షిక నివేదికను కావాలనే ఆలస్యం చేశారు. అవసరంలో ఉండగా దాన్ని ప్రచురిస్తే చందా అడిగినట్టు అవుతుందని ఆయన భయం.

సరిగ్గా ఈ కష్టకాలం మధ్యలో, 1841 వసంతంలో, ముల్లర్ ఒక పాఠం నేర్చుకున్నారు. అంతవరకు కనీసం పదేళ్లుగా ఆయన అలవాటు మనలో చాలామంది భక్తిపరుల అలవాటే. పొద్దున లేవగానే మోకాళ్ల మీదికి వెళ్లేవారు. కానీ మనసు నిలిచేది కాదు. పది నిమిషాలు, పావుగంట, ఒక్కోసారి అరగంట ఆలోచనలు అటూ ఇటూ తిరిగిన తరువాత గాని నిజమైన ప్రార్థన మొదలయ్యేది కాదని ఆయన నిజాయితీగా రాశారు. వేల పౌండ్ల కోసం ప్రార్థించి జవాబు పొందిన మనిషికి కూడా ఉదయం ప్రార్థన కష్టమయ్యేదన్నమాట. ప్రార్థనలో మనసు నిలవడం లేదని కుమిలిపోయే సహోదరీ, సహోదరుడా, ఈ మాట మీ ఓదార్పు కోసమే ఇక్కడ జ్ఞాపకం చేస్తున్నాం.

ఆ వసంతంలో ఆయన వరుస మార్చారు. ప్రతిరోజూ తన మొదటి పని దేవునికి ఎంత సేవ చెయ్యాలన్నది కాదని, తన అంతరంగం ప్రభువులో సంతోషించేలా చూసుకోవడమని గ్రహించారు. దానికి ఆహారం కావాలి. శరీరానికి భోజనం పెట్టకుండా రోజంతా పని చెయ్యించలేం. ఆత్మకూ అంతే. ఆత్మకు ఆహారం దేవుని వాక్యం. కనుక క్రొత్త నిబంధనను మొదటి నుండి తీసుకుని, ప్రభువు ఆశీర్వాదం కోరి రెండు మాటలు పలికి, తెల్లవారుజామున వచనం తరువాత వచనం ధ్యానించడం ఆరంభించారు. వాక్యం తప్పు చూపితే ఒప్పుకోలు, మేలు చూపితే కృతజ్ఞత, ఇతరులను గుర్తుచేస్తే వారి కోసం విజ్ఞాపన. ఇలా ప్రార్థన దానంతట అదే వచ్చేది. అలసట రాకుండా, పెద్ద అక్షరాల క్రొత్త నిబంధన చేతపట్టుకుని, అల్పాహారానికి ముందు పొలాల్లో నడుస్తూ ధ్యానించడం కూడా ఆయనకు ఇష్టం.

ఇందులో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, ఆయన వాక్యాన్ని వరుసగా చదివారు. అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోలేదు. పాత నిబంధనలో కొంత, క్రొత్త నిబంధనలో కొంత, నిన్న ఆపిన చోటి నుండే నేడు. ఇష్టమైన భాగాలే చదివితే మన విశ్వాసం ఒక పక్కకు ఒరిగిపోతుందని ఆయన హెచ్చరించారు. రెండవది, అది ప్రసంగం తయారీ కోసం కాదు. కాపరియై ఉండి కూడా ఆ గడియలో తన ఆత్మ కోసమే చదివారు. ఆ ఆహారం తరువాత ఇతరులకూ పనికొచ్చిందంటే అది దేవుడు అదనంగా ఇచ్చినది. మూడవది, గొట్టంలో నీళ్లు పారిపోయినట్టు చదివేసి లేచిపోలేదు. చదివినదాని దగ్గర ఆగి, తన హృదయానికి అన్వయించుకున్నారు.

అలా లోపల నిలిచిన వాక్యం కష్టదినాన ఎలా పనికొచ్చిందో ఒక్క సంఘటన చాలు. 1849లో ఆష్లీ డౌన్ కొండ మీద 300 మంది పిల్లలకు పెద్ద గృహం కట్టారు. 1857 నవంబరు చివర ఆ గృహాన్ని వేడిగా ఉంచే బాయిలరు కారడం మొదలైంది. మరమ్మతు చెయ్యాలంటే మంట ఆర్పాలి. మరమ్మతు రోజు నిర్ణయించిన తరువాత చలిగా ఉత్తరపు గాలి మొదలైంది. చలికాలంలో పసిపిల్లల గతి ఏమిటి? ముల్లర్ రెండు విన్నపాలు చేశారు. ఉత్తరపు గాలిని దక్షిణపు గాలిగా మార్చమన్నది ఒకటి. నెహెమ్యా దినాల్లో గోడ కట్టిన ప్రజలకు పని మీద కలిగిన మనసే ఈ పనివారికీ ఇవ్వమన్నది రెండవది. మంట ఆర్పిన రోజున దక్షిణపు గాలి వీచింది, వేడి అవసరం లేకపోయింది. సాయంత్రం పనివారు ఇంటికి వెళ్లకుండా రాత్రంతా పని చెయ్యడానికి తామే ఇష్టపడ్డారు. ఆ రెండవ విన్నపం నెహెమ్యా గ్రంథం నాలుగవ అధ్యాయం చదివిన మనిషి నోట మాత్రమే వస్తుంది. వరుసగా చదివేవారికి వాక్యమే ప్రార్థన మాటలు అందిస్తుంది.

అడిగినదంతా దొరికిందా అంటే, లేదు. 1870 ఫిబ్రవరిలో, దాదాపు నలభై ఏళ్ల కాపురం తరువాత, మేరీ తీవ్ర జ్వరంతో కన్నుమూశారు. భర్తే సమాధి ప్రసంగం చేశారు. 119వ కీర్తన 68వ వచనం ఆయన తీసుకున్న మూలవాక్యం. దేవుడు మంచివాడని, మేలు చేస్తాడని చెప్పే వచనం అది. ఆయన ఎప్పుడూ విశ్వసించిన ఆ మాటే భార్య శవపేటిక దగ్గర కూడా ఆయనకు ఆధారమైంది. డెబ్బై దాటిన వయసులో సువార్త ప్రయాణాలు చేస్తూ భారతదేశం కూడా వచ్చారు. 1890 జనవరిలో జబల్‌పూర్‌లో ఉండగా ఒక్కగానొక్క కుమార్తె లిడియా మరణవార్త అందింది. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు. తీరని దుఃఖంలో కూడా ప్రభువు మీది నమ్మకాన్ని వదలలేదు.

ముల్లర్ 1898 మార్చి 10 ఉదయం 92 ఏళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన జీవితకాలంలో పదివేలకు పైగా అనాథలు ఆ గృహాల్లో పెరిగారు. చేతుల మీదుగా సుమారు 15 లక్షల పౌండ్లు వెళ్లాయి. ఆయన స్వంతంగా మిగిల్చినది 200 పౌండ్లకు మించలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుంటాం. పొద్దున లేవగానే ఫోనులో వాట్సాప్‌కు వచ్చిన వచనం చూసి, పది గ్రూపులకు పంపిస్తాం. ఇవి తప్పని మేము అనడం లేదు. అయితే కార్డు మీద ఉన్న వచనానికి ముందు వచనం ఏమిటో, వెనుక వచనం ఏమిటో తెలియకపోతే, జ్వరం వచ్చిన రోజున, వడ్డీవాడు గుమ్మం ముందు నిలబడిన రోజున ఆ కార్డు ఎంతసేపు నిలబెడుతుంది? అవతలివారికి పంపిన వచనం మన ఆకలి తీర్చదు. వడ్డించినవారు కూడా భోంచెయ్యాలి. ఈ మాట మా తోటి కాపరులకు మరింత వర్తిస్తుంది.

అంత సమయం ఎక్కడిది అని మీరడగవచ్చు. తెల్లవారుజామున కుళాయి నీళ్ల కోసం లేచే తల్లికి, రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సుకు, మొదటి బేరం కోసం ఆటో తీసే సహోదరునికి పొలాల్లో గంటసేపు నడిచే వీలుండదు. ఫర్వాలేదు. పది వచనాలు చాలు. కానీ వరుసగా చదవండి, నెమ్మదిగా చదవండి, ఆ పది వచనాల్లో నుండే ఒక్క మాటను ప్రార్థనగా మార్చండి. చదువు రాని పెద్దలకు మనవలు చదివి వినిపించవచ్చు. ఆడియో బైబిలు కూడా ఉంది. వినడం వల్ల కూడా విశ్వాసం కలుగుతుందని అపొస్తలుడు నేర్పాడు కదా.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మార్కు సువార్త తీసుకోండి. పదహారు అధ్యాయాలు, పదహారు ఉదయాలు. రేపు మొదటి అధ్యాయం చదవండి. ఫోను చూడకముందు, చింతలు మొదలుకాకముందు, విన్నపాల చిట్టా విప్పకముందు ఆ అధ్యాయం తెరవండి. ముందు ప్రభువు మాట్లాడనివ్వండి, తరువాత మీరు మాట్లాడండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ రోజుది ఆ రోజే దొరికింది, నిన్నటిది నేటికి నిలవలేదు. పరలోకపు తండ్రి నేటి ఆహారాన్ని నేడే మీకు దయచేయును గాక.